ఆస్ట్రాక్సా, నానోఫ్లేరా?

గచ్చిబౌలి బ్యాడ్మింటన్ కోర్టుల్లో కుర్రాళ్ల కన్నంతా యోనెక్స్ వాళ్ల రాకెట్ ఆస్ట్రాక్స్ 100 జెడ్‌జెడ్ మీదే. దాని తల బరువు, తలకీ హ్యాండిల్‌కీ మధ్య ఉండే సన్న కడ్డీ, అదే షాఫ్ట్, మరీ బిర్రు. స్వింగ్‌లో వేగం లేకపోతే షాఫ్ట్ వంగదు, ఎత్తుగా వెనక్కి కొట్టే క్లియర్ షాట్ వెనక గీత దాకా పోదు, మోచెయ్యి మాత్రం పట్టేస్తుంది. వెనక నుంచి స్మాష్‌లు బాదేవాళ్లకే అది. డబుల్స్‌లో నెట్ దగ్గర ఆడేవాళ్లకి తల తేలికైన నానోఫ్లేర్ 800 ప్రో హాయి. నెట్ మీదుగా బల్లపరుపుగా కొట్టే డ్రైవ్‌కి టక్కున లేస్తుంది, కానీ స్మాష్‌లో ఆ బరువు దిగదు. రెండూ కావాలంటే ఆర్క్‌సేబర్ 11 ప్రో.

హ్యాండిల్ పైన కోన్ మీద 4యూ అని ఉంటే రాకెట్ బరువు 80–84 గ్రాములు. చాలామందికి అది చాలు. గట్టింగ్, అంటే తీగల బిగువు, 24 పౌండ్లతో మొదలెట్టండి. సరదాకి 28 వేయిస్తే, నడిమధ్య తగలని షటిల్ అక్కడే చచ్చిపోతుంది. మే ఎండలో కారు డిక్కీలో వదిలేస్తే ఆ బిగువూ సడలిపోతుంది.