మానేసిన పిల్ల ఫొటో

"సదువుకున్నోల ఫొటోలే తీత్తావేటి తల్లీ? మానేసిన గుంట ఇక్కడే ఉంది. దీన్ని తియ్యవేటి?"

జూన్ మొదటి వారంలో, విశాఖపట్నం పెదజాలరిపేటలో, చిన్న హాల్లో జరిగిన ఒక మహిళా సంఘం వార్షిక సమావేశంలో ఒక మామ్మ నన్ను అడిగింది. వేదిక మీద తొమ్మిది మంది అమ్మాయిలు వరసగా నిలబడ్డారు. నేను ఫోన్ పట్టుకుని, "ఇటు చూడండమ్మా, నవ్వండి" అంటున్నాను. మామ్మ కోపంగా అరవలేదు. మామూలుగానే అడిగింది. ఆమె పక్కన గోడకు ఆనుకుని ఒక అమ్మాయి తల దించుకుని ఉంది. సెలవు ముగిసి మాంచెస్టర్ తిరిగొచ్చాక కూడా ఆ మాట నన్ను వదలడం లేదు.

నేను ఏడేళ్లుగా ఇక్కడ స్టాఫ్ నర్సుని. విశాఖ వైపు నుంచి వచ్చిన నర్సులం నలుగురం కలిసి ఏటా కొంత డబ్బు ఆ మహిళా సంఘానికి పంపుతున్నాం. రిటైరైన టీచరు గారొకరు నడుపుతున్నారు. జాలరిపేటల్లో పదో తరగతి పాసైన ఆడపిల్లలు ఇంటర్ మానకుండా చూడడం, సాయంత్రాలు వాళ్ల అమ్మలకు బ్యాంకు పుస్తకం చదవడం, సంతకం చేయడం నేర్పించడం వాళ్ల పని. మా వార్డు మేనేజర్ కూడా ఇస్తానంది కానీ తీసుకోలేదు. మావి ఇంకా భారత పాస్‌పోర్టులే కాబట్టి మా జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందకు రాదు. ఆమె డబ్బు మాత్రం ఆ కిందకే వస్తుంది. దానికి సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, 2020 సవరణ తర్వాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోనే ఆ ఖాతా తెరవాలి. ఒక టీచరమ్మ, రెండు బీరువాలు ఉన్న సంఘానికి అది అయ్యే పని కాదు.

ప్రతి ఏడాదీ జూలైలో టీచరు గారి రిపోర్ట్ వాట్సాప్‌లో వస్తుంది. అది చూసుకుని ఆగస్టులో మేం డబ్బు పంపుతాం. ఈసారి నేను ఊళ్లోనే ఉన్నాను కాబట్టి ముందే చేతికిచ్చారు. "తొమ్మిది మంది ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తి చేశారు" అని ఉంది. చాలా సంతోషించాను. పోయినేడు వాళ్లు పదో తరగతి పాసైనప్పుడు తీసిన ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. మామ్మ అడిగాక తీసి లెక్కపెట్టాను. పదకొండు మంది.

మా వార్డులో ఒక రాత్రి డ్యూటీలో పెద్దాయన ఒకరు బాత్రూమ్‌కు వెళ్తూ జారి పడ్డారు. మణికట్టు విరిగింది. ఆ రాత్రి నేను చూసుకోవాల్సిన పేషెంట్. ఉద్యోగం పోతుందేమోనని వణికిపోయాను. మేనేజర్ నాకు టీ ఇచ్చి, "ముందు జరిగింది జరిగినట్టు రాయి. తర్వాత మనిద్దరం ఆయన కూతురికి చెబుదాం" అంది. 2014 నుంచి ఇంగ్లండ్ ఆసుపత్రులకు ఇది చట్టం. ఆసుపత్రిలో అనుకోనిది జరిగి రోగికి ఆ స్థాయి హాని కలిగితే దాచకుండా ఆయనకో, ఆయన తరఫు వాళ్లకో చెప్పి, క్షమాపణ అడగాలి. ఆ నెల ఎందరు పడ్డారో, ఎందరికి పడక పుండ్లు వచ్చాయో మా వార్డు గోడ మీదే అంటిస్తారు. చూడడానికి వచ్చిన చుట్టాలు అది చదువుతూ నిలబడతారు. మొదట్లో నాకు అది పరువు తీసుకోవడంలా అనిపించేది. ఇప్పుడు ఆ కాగితం ఉంది కాబట్టే మంచం పక్కన చెప్పులు సరిగ్గా ఉన్నాయో లేదో రోజూ చూస్తున్నాం అని తెలుసు.

అందుకే సమావేశం అయ్యాక టీచరు గారి దగ్గర కొంచెం గట్టిగానే మాట్లాడాను. "ఆ ఇద్దరి సంగతి రిపోర్ట్‌లో ఎందుకు రాయలేదండీ? మా దగ్గరైతే..." అని మొదలుపెట్టాను. ఆవిడ ఆగమని చెయ్యి చూపించి, తన ఫోన్‌లో పాత మెసేజ్ తీసి ఇచ్చారు.

రెండేళ్ల కిందట ఒక అమ్మాయికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లి చేసేశారు. టీచరు గారు వెళ్లి బతిమాలారు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేశారు. అయినా వేరే ఊరు తీసుకెళ్లి చేశారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిదికి ముందే పెళ్లయింది. దేశం మొత్తం మీద అది 23.3. ఇంత చదువుల రాష్ట్రం అంటాం, ఆ విషయంలో వెనకే ఉన్నాం. ఆ ఏడాది రిపోర్ట్‌లో ఆవిడ ఆ పెళ్లి సంగతి దాచకుండా రాశారు. దానికి నా జవాబు ఆ ఫోన్‌లో ఉంది: "అయ్యో. మరి ఆ అమ్మాయి కోసం పంపిన మన డబ్బు ఏమైనట్టు మేడమ్?"

ఆ మెసేజ్ నాదే. నైట్ డ్యూటీ దిగి బస్సులో కూర్చుని పెట్టి ఉంటాను. చెడు ఉద్దేశంతో అడగలేదు. ఇక్కడ ఒక్కో పౌండు ఎలా మిగులుతుందో మిగిల్చేవాళ్లకే తెలుసు. పంపిన మిగతా ముగ్గురికీ నేనే లెక్క చెప్పాలి. ఇవన్నీ ఆవిడకు చెప్పాను కూడా. ఆవిడ తల ఊపారు. "నువ్వు అడిగావని కాదమ్మా. మిగతా ముగ్గురూ కూడా డబ్బు పంపడం మానేస్తే ఈ పిల్లలేమవుతారని భయపడ్డాను" అన్నారు. అంటే నా వార్డులో నాకు టీ ఇచ్చి రాయమన్నారు. నేనేమో ఆవిడను లెక్క అడిగాను.

మానేసిన అమ్మాయి కథలో పెళ్లి లేదు. ఫీజూ కారణం కాదు, చేరాల్సింది ప్రభుత్వ జూనియర్ కాలేజీలోనే. ఏప్రిల్ చివర్లో పదో తరగతి ఫలితాలు వస్తాయి. అప్పటికే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. హార్బర్‌లో మరబోట్లు ఒకదానికొకటి ఆనించి కట్టేసి ఉంటాయి. ఈ పిల్ల నాన్న బోటు మీద కలాసీ, అంటే పనివాడు. నెల జీతం కాదు, వచ్చిన చేపల్లో వాటా. వేట లేకపోతే వాటా లేదు, మామ్మ తట్టలో చేప లేదు. నిషేధం రోజులకని ప్రభుత్వం ఇచ్చిన ఇరవై వేలు అప్పులవాళ్లు పట్టుకుపోయారు. చదువుకునే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు వచ్చేది కాలేజీలో చేరాకే. పోయినేడు ఆ రెండు నెలలు ఇల్లు గడవడానికి పిల్ల జగదాంబ సెంటర్ దగ్గర బట్టల షాపులో చేరింది. వేట మొదలైనా జీతం అలవాటైపోయి ఇంట్లో మానమనలేదు. మేం పంపిన డబ్బు ఆగస్టులో వచ్చింది. అప్పటికి కాలేజీ తెరిచి చాలా రోజులైంది.

ఈ ముక్క రిపోర్ట్‌లో ఉండి ఉంటే, మా నలుగురిలో ఒక్కరికైనా అర్థమయ్యేది కదా, డబ్బు ఏప్రిల్ పదిహేనుకు ముందే చేరాలని!

మాంచెస్టర్‌ను చూసి నేర్చుకోవాలని ఆ రోజు టీచరు గారికి చెప్పబోయాను. ఇంటికెళ్లి పడుకున్నాక గుర్తొచ్చింది, మా అమ్మ డ్వాక్రా సంఘం తీర్మానాల పుస్తకం. నా నర్సింగ్ చదువు ఆ సంఘం అప్పుతోనే సాగింది. ప్రతి నెలా మా అరుగు మీద కూర్చుని చదివేవారు: ఈ నెల ఫలానా ఆమె వాయిదా కట్టలేదు, మొగుడికి జ్వరం. ఇంకొకామె కట్టలేదు, గేదె చచ్చిపోయింది. పేరు చదివినప్పుడు ఆమె అక్కడే కూర్చుని వినేది. మిగతావాళ్లు తలా కొంచెం వేసి ఆ నెల సర్దేవాళ్లు. మా అమ్మ పేరు కూడా రెండుసార్లు చదివారు. అమ్మ ఆ రాత్రి కూడా మామూలుగానే అన్నం తింది. ఏ చట్టం చెబితే రాశారు అదంతా? ఎదురుగా కూర్చున్నంత కాలం మనకు అది వచ్చు. దూరం వెళ్లి డబ్బు పంపడం మొదలుపెట్టాక నాకే ఫొటోలు కావాల్సి వచ్చాయి.

మర్నాడు మామ్మ ఇంటికి వెళ్లాను. వేట లేని రోజుల్లో కూడా ఎండుచేపల పులుసు పెట్టి అన్నం తినేదాకా లేవనివ్వలేదు. పిల్ల షాపు నుంచి మధ్యాహ్నం వరకే పర్మిషన్ తీసుకుంది. ఫోన్ బ్యాగులోనే ఉంచాను. కాలేజీలో చేరడానికి ఆఖరి తేదీ ఎప్పుడో తనకు తెలుసు, నేను అడగకముందే చెప్పింది. "అక్కా, ఏడాది పోయినోళ్లను తీసుకుంటారా?" అని అడిగింది. టీచరు గారికి అక్కడి నుంచే ఫోన్ చేశాం. సర్టిఫికెట్లు పట్టుకుని రేపు రమ్మన్నారు. షాపు ఓనర్‌తో తనే మాట్లాడుకుంటానని చెప్పి బస్సుకు పరిగెత్తింది.

ఇకనుంచి డబ్బు మార్చిలోనే పంపుదామని, మానేసినవాళ్లకూ రిపోర్ట్‌లో ఒక పేజీ రాయమని అడుగుదామని మా గ్రూపులో పెట్టాను. ఇద్దరు సరేనన్నారు. మూడో ఆమె, "రిపోర్ట్ చూశాకే కదా ఎప్పుడూ పంపేది, రిజల్ట్స్ చూడకుండా ఎలా?" అని రాసింది. ఆమెకు మామ్మ అడిగిన మాట ఆ యాసలోనే, ఒక్క అక్షరం మార్చకుండా టైప్ చేసి పంపాను.