గిటారు శ్రుతి మార్చి చూశాను: మధ్యమావతి నుంచి మోహన దాకా

గిటారుకు అందరూ వాడే శ్రుతిలో ఆరు తీగలూ లావు తీగ నుంచి సన్న తీగ వరకు ఇ, ఎ, డి, జి, బి, ఇ అని పలుకుతాయి. పాటకు తోడుగా, కొన్ని స్వరాలను ఒకేసారి మోగించే కార్డ్‌లు వాయించేవారికి ఇంతకంటే అనువైన అమరిక లేదని ఇప్పటికీ నా నమ్మకం. కానీ గాత్రంలో నేర్చుకున్న కీర్తనలను గిటారు మీద పలికించాలనుకున్నప్పుడు నాకు ఈ అమరికే అడ్డు వచ్చింది. మన లెక్కలో రెండు శ్రుతి అయిన డిని షడ్జమంగా పెట్టుకుంటే, అన్నిటికంటే లావైన ఆరో తీగ నొక్కకుండానే రిషభమవుతుంది, రెండో తీగ ధైవతమవుతుంది. షడ్జమం మీద నిలబడవలసిన చోట వేలు పొరపాటున తగిలినా, పక్క తీగ దానంతటదే కంపించినా రాగానికి అవసరం లేని స్వరం వెనక మోగుతూనే ఉంటుంది. వీణకు ఈ చిక్కు లేదు. వాయించే నాలుగు తీగలూ, తాళం వేసే మూడు తీగలూ షడ్జమమో పంచమమో తప్ప మరొకటి పలకవు. గిటారును కూడా అలా కట్టి చూడాలన్న కోరిక అక్కడే మొదలైంది.

నేను ముందుగా ఎంచుకున్నది గిటారిస్టులు డాడ్‌గాడ్ అని పిలిచే డి, ఎ, డి, జి, ఎ, డి అమరిక. బ్రిటన్‌కు చెందిన గిటారిస్టు డేవీ గ్రహమ్ 1960ల తొలినాళ్లలో, మొరాకోలో విన్న ఊద్ అనే అరబ్బు తీగవాద్యానికి తోడుగా వాయించడానికి దీన్ని ప్రచారంలోకి తెచ్చాడని చెబుతారు. తరవాత ఐరిష్ సంగీతకారులు దీన్ని తమదిగా చేసుకున్నారు. మన స్వరాల్లో చదివితే ఇది స, ప, స, మ, ప, స. గాంధారం ఎక్కడా లేదు కాబట్టి ఏ రాగానికైనా దారి తెరిచే ఉంటుందనిపించింది.

మారవలసినవి మూడు తీగలే, ఆరోది, రెండోది, మొదటిది, అన్నీ రెండేసి మెట్లు (మెడ మీది అడ్డపట్టీల లెక్కలో రెండేసి స్వరస్థానాలు) కిందికి. ట్యూనర్ మీద కంటే చెవి మీద ఆధారపడమని నేను గట్టిగా చెబుతాను. ఆరో తీగను 12వ మెట్టు దగ్గర వేలి కొనతో తేలిగ్గా తాకి మీటితే వచ్చే అనుస్వరాన్ని (హార్మోనిక్) నాలుగో తీగ నాదంతో కలిపి వినాలి. రెండూ దగ్గరపడేకొద్దీ నాదం అలలు అలలుగా ఊగుతుంది, ఆ ఊపు క్రమంగా నెమ్మదించి పూర్తిగా ఆగిపోయిన చోట శ్రుతి కలిసినట్టు. భౌతికశాస్త్రంలో విస్పందనాలని చదువుకున్నవి ఇవే. ఇదే పద్ధతిలో రెండో తీగను ఐదో తీగ అనుస్వరంతో, మొదటి తీగను నాలుగో తీగ అనుస్వరంతో కలపాలి. తీగను ఎప్పుడూ కావలసిన స్వరం కంటే కిందికి దించి, అక్కడి నుంచి పైకి బిగిస్తూ రావాలి. పై నుంచి దించుతూ ఆపితే బిరడ పళ్ల మధ్య వదులు మిగిలిపోయి తీగ కాసేపటికే జారుతుంది. మూడు తీగలు వదులయ్యేసరికి మెడ మీద బరువు తగ్గి, మనం ముట్టుకోని తీగలు కూడా కాస్త హెచ్చుతాయి. అందువల్ల ఆరింటినీ మరో చుట్టు సరిచూడక తప్పదు.

వదులైన తీగలు మెట్లకు తగిలి జరజరమనడం నాకు ఎదురైన మొదటి ఇబ్బంది. తీగ బిగువు దాని పౌనఃపున్యం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, రెండు మెట్లు దించితే బిగువు దాదాపు 20 శాతం పడిపోతుంది. 12 గేజ్ (తీగ మందం కొలత) సెట్టు తీసి 13 గేజ్ సెట్టు వేయడంతో మోత చాలావరకు తగ్గింది, మంద్రం నిండుగా పలికింది. ఆ లావు తీగలను మళ్లీ మామూలు శ్రుతికి పెంచితే మెడ మీద పడే లాగుడు ఎక్కువవుతుంది కాబట్టి, ఆ గిటారును ఈ శ్రుతికే కేటాయించాను.

ఇక రాగం విషయానికి వస్తే, ఈ అమరికలో మధ్యమావతి దానంతటదే అమరుతుంది. నాలుగో తీగ షడ్జమం, దాని రెండో మెట్టు రిషభం, మూడో తీగ మధ్యమం, రెండో తీగ పంచమం, దాని మూడో మెట్టు నిషాదం, మొదటి తీగ తారషడ్జమం. ఆరోహణ మొత్తంలో నొక్కవలసినవి రెండే స్వరాలు, మిగిలినవి ఒకదాని మీద ఒకటి మోగుతూ ఉంటాయి. గమకానికి మాత్రం ఈ మోత పనికిరాదు. రిషభాన్ని కంపితంగా, అంటే ఊపుతూ పలకడానికి నాలుగో తీగ మీద రెండో మెట్టు నుంచి ఐదో మెట్టు వైపు జారుతూ, మూడో తీగను మరో వేలితో అణచి ఉంచవలసి వచ్చింది. రెండో తీగ కాస్త వదులుగా ఉండటం మూడో మెట్టు మీద నిషాదాన్ని షడ్జమం వైపు లాగడానికి సాయపడింది.

కానీ మధ్యమావతి ఇంత హాయిగా పలకడానికి వేళ్ల సౌకర్యం ఒక్కటే కారణం కాదని ఎలక్ట్రానిక్ తంబురాతో కలిపి వాయించినప్పుడే తెలిసింది. గిటారు మెట్లు స్థాయిని, అంటే షడ్జమం నుంచి పై షడ్జమం దాకా ఉన్న దూరాన్ని, 12 సమాన భాగాలుగా పంచి వేసినవి, ఒక్కో భాగం 100 సెంట్లు (స్వరాల మధ్య దూరానికి కొలత). మధ్యమావతిలోని రి, మ, ప, నిలన్నీ షడ్జమం నుంచి పంచమ, మధ్యమ సంబంధాలతో పుట్టే స్వరాలు. సహజ స్థానాలలో అవి సుమారు 204, 498, 702, 996 సెంట్ల దగ్గర ఉంటాయి, గిటారు ఇచ్చేవి 200, 500, 700, 1000. తేడా నాలుగు సెంట్లకు మించదు. మోహనలో అలా కుదరదు. తంబురాలో ఎవరూ మీటకుండానే వినిపించే స్వయంభూ గాంధారం 386 సెంట్ల దగ్గర ఉంటుంది, గిటారు అంతర గాంధారం 400 దగ్గర. ఆ 14 సెంట్ల తేడా కార్డ్‌లో ఇట్టే కలిసిపోతుంది గానీ, తంబురా పక్కన నిలిపి పట్టిన గాంధారంలో చెవికి గుచ్చుకుంటుంది.

అందుకని మోహన కోసం మూడో తీగను జి నుంచి ఎఫ్ షార్ప్‌కు దించి, ఓపెన్ డి అనే అమరికకు వచ్చాను. ఇప్పుడది స, ప, స, గ, ప, స. గాంధారం నొక్కని తీగ మీదే ఉంది కాబట్టి మెట్లతో నిమిత్తం లేకుండా, తంబురాలో విస్పందనాలు ఆగిపోయే చోటుకు దాన్ని ఇంకొంచెం దించగలిగాను. ఆ క్షణంలో గిటారు డొల్ల మొత్తం పలికినట్టు వినిపించింది, మామూలు శ్రుతిలో ఆ నాదం నాకెన్నడూ దొరకలేదు. దీనికి తగ్గ నష్టమూ ఉంది. ఆ తీగ మీద ప్రతి మెట్టూ 14 సెంట్లు తక్కువే పలుకుతుంది, మూడో మెట్టు మీది పంచమం పక్క తీగ పంచమంతో కలవదు. కనుక మూడో తీగను గాంధారానికే ఉంచి, రిషభాన్ని నాలుగో తీగ రెండో మెట్టు మీద, ధైవతాన్ని రెండో తీగ రెండో మెట్టు మీద తీసుకుంటాను. ఆ ధైవతం కూడా 16 సెంట్లు హెచ్చే, అందుకే దాని మీద ఎక్కువసేపు నిలవను. బొబ్బిలి వీణలో మెట్లను మైనంలో చెవికి సరిపడేలా నిలుపుతారు, గిటారులో ఆ వెసులుబాటు లేకపోవడం ఇక్కడే బాధ కలిగిస్తుంది.

పాడేవారికి తోడుగా వాయించవలసి వస్తే తీగలను కదపకుండా క్యాపోతోనే (తీగలన్నిటినీ ఒకే మెట్టు దగ్గర నొక్కి పట్టే బిగింపు) సరిపెడతాను. నాలుగు శ్రుతికి మూడో మెట్టు మీద, ఐదు శ్రుతికి ఐదో మెట్టు మీద క్యాపో పెడితే అమరిక మొత్తం అలాగే పైకి జరుగుతుంది, దించి పెట్టిన గాంధారం కూడా అదే తేడాతో వెంట వస్తుంది. క్యాపో బిగింపు వదులు తీగలను కాస్త హెచ్చిస్తుంది కాబట్టి, పెట్టిన తరవాత ఆరో తీగ షడ్జమాన్ని తంబురాతో కలిపి చూసుకుని, తరవాతే పాట అందుకుంటాను.