రఘురాజపురంలో మొదటి ఇల్లు, చివరి ఇల్లు

పూరీలో జగన్నాథ దర్శనం గురించీ, ఆనందబజారులో మహాప్రసాదం గురించీ రాసినవారు చాలామంది ఉన్నారు కనుక ఆ జోలికి వెళ్ళను. నేను రాయదలచింది భువనేశ్వర్ రోడ్డు మీద చందన్‌పూర్ దగ్గర లోపలికి తిరిగితే వచ్చే రఘురాజపురం అనే, గుడ్డ మీద బొమ్మలు వేసే పటచిత్రకారుల ఊరి గురించి, దానితోపాటు నన్ను అక్కడికి తీసుకువెళ్ళిన ఆటో గురించి.

రానూపోనూ ఏడు వందలన్నాడు డ్రైవరు. నా హిందీలోని యాసను పసిగట్టి, "మనదీ తెలుగే బాబూ, తాతలనాడే వచ్చేశాం, పెంఠకటాలో ఉంటాం" అని ఒక యాభై తగ్గించాడు. పూరీ తీరంలోని ఆ జాలరిపేటలో మన భాష మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి; స్నానానికి దిగిన యాత్రికులను అలల్లో పట్టుకుని నిలిపే నోలియాలలో చాలామంది వాళ్ళే. తగ్గించిన యాభై రూపాయలను అతను ఎక్కడ రాబట్టుకుంటాడో ఊరి మొదట్లోనే తెలిసిపోయింది. ఆటోను ఒక ఇంటి అరుగుకు ఆనించి ఆపి, "ఇక్కడ చూడండి, మిగతావన్నీ ఇవే" అన్నాడు.

ఎదురెదురుగా రెండు వరుసల ఇళ్ళు, నడుమ చిన్నచిన్న గుళ్ళు, గోడల నిండా బొమ్మలు ఉన్న ఆ ఊరు నిజంగానే చూడముచ్చటగా ఉంది. ఒడిస్సీ గురువు కేలూచరణ్ మహాపాత్ర 1926లో పుట్టింది ఇక్కడే. అయితే నాలుగడుగులు వేయకముందే ప్రతి గుమ్మం నుంచీ "ఒక్కసారి చూసి వెళ్ళండి, కొనకపోయినా ఫరవాలేదు" అన్న పిలుపు వస్తుంటే గోడబొమ్మలను తలెత్తి చూసే తీరిక కూడా మిగలదు. విసుగుపుట్టి, ఎవరూ పిలవని చోటు వెతుక్కుంటూ వీధి చివరిదాకా నడిచాను.

అక్కడ ఒక ముసలాయన అరుగు మీద కూర్చుని గులకరాయితో గుడ్డను రుద్దుతున్నాడు. నూలుగుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అతికి, సుద్దపొడి పూసి, ఆరబెట్టి, రాతితో నునుపు చేస్తే గాని అది పటం కాదట. తెలుపుకు శంఖం, ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరితాళం అనే ఖనిజాలు, నలుపుకు దీపపు మసి. అన్నిటినీ పట్టి ఉంచేది వెలగబంక. పక్కన కోడలు తాటాకు మీద గంటంతో గీసి, గీతల్లోకి మసి రుద్దుతోంది. మొదటి ఇంట్లో పదిహేను వందలు చెప్పిన కొలతలోనే, పనితనంలో ఏమాత్రం తీసిపోని పటానికి ఈయన వెయ్యి చెప్పాడు. కారణం అడిగితే నవ్వి, "మీరు నడిచి వచ్చారు కదా, ఆటోవాడి వాటా ఇందులో లేదు" అన్నాడు. ముందు ఇళ్ళలో వేలాడే పటాల్లో కొన్ని తన చేతివేననీ, వాటికి పని లెక్కన కూలి మాత్రమే ముడుతుందనీ కూడా చెప్పాడు.

యాత్రికులకు అమ్మడం వల్ల కళ పలచబడిందని కొందరు అంటారు గాని, నేను ఒప్పుకోను. స్నానపూర్ణిమ తరువాత మూలమూర్తులు దర్శనమివ్వని పక్షం రోజులూ వారి స్థానంలో పటాలకే పూజ జరిగే క్షేత్రం పూరీ. యాత్రికులు ఇంటికి తీసుకువెళ్ళే యాత్రీపటాలు కూడా పాతకాలం నుంచీ ఉన్నవే. అచ్చుబొమ్మలు చవకగా దొరకడం మొదలయ్యాక ఆ గిరాకీ పడిపోయి, చిత్రకారులు ఇతర పనులకు మళ్ళారు. 1950ల తొలినాళ్ళలో హలీనా జీలీ అనే విదేశీ మహిళ వారిని ప్రోత్సహించి, పటాలకు కొత్త కొనుగోలుదారులను చూపించింది. 2000 ప్రాంతంలో వారసత్వ సంపదను కాపాడే ఇన్‌టాక్ సంస్థ చొరవతో రఘురాజపురం వారసత్వ గ్రామమైంది, 2008లో ఒడిశా పటచిత్రానికి భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. ఇవన్నీ జనాన్ని ఊరిదాకా తెచ్చాయి. వచ్చిన మనిషి ఏ గుమ్మం ఎక్కాలన్నది మాత్రం ఇప్పటికీ బండి ఆగే చోటు నిర్ణయిస్తోంది.

మా వైపు ఏటికొప్పాకలో కథ తలకిందులుగా ఉంటుంది. అంకుడు కర్రను తిప్పి లక్క అద్దిన బొమ్మలు విశాఖ, హైదరాబాదు దుకాణాలకు ప్రయాణమై వెళతాయి. ఊరికి వచ్చి కొనేవారు తక్కువ. బేరగాళ్ళ గోల లేదు సరే, నగరంలో బొమ్మ పలికే ధరకూ చేసినవాడికి దక్కేదానికీ ఉన్న ఎడం అక్కడా చిన్నదేమీ కాదు. పైగా రఘురాజపురంలో సందర్శకులు ఆగిపోతే పొయ్యి కూడా ఆగుతుంది. 2019 మే 3న ఫణి తుపాను ఆ ఊరి మీదుగా వెళ్ళింది. మరుసటి ఏడాది కరోనాతో పూరీ గుడే నెలల తరబడి మూతపడింది. ఆ రోజుల్లో ఏం చేశారని అడిగితే ముసలాయన సమాధానం చెప్పలేదు, కోడలు మాత్రం "పొలం పనికి వెళ్ళాం" అంది.

వెయ్యి రూపాయల పటాన్ని బేరమాడకుండా తీసుకున్నాను. తిరుగు ప్రయాణంలో డ్రైవరు ముఖం ముడుచుకున్నాడు గాని, పెంఠకటా దగ్గర టీ అతనే ఇప్పించాడు. పూరీ సీజనులో ఎన్ని రోజులు బండి నిండుతుందో, మిగిలిన నెలల్లో కిస్తీ ఎలా కడతాడో ఏకరువు పెట్టాక ఆ వాటా మీద నాకున్న కోపం సగం చల్లారింది. వెళ్ళదలచినవారికి ఒక్క మాట: పూరీ నుంచి భువనేశ్వర్ వైపు వెళ్ళే బస్సెక్కి చందన్‌పూర్‌లో దిగితే ఊరు నడకదూరమే. ఉదయంపూట వెళ్ళండి, మొదట వీధి చివరిదాకా నడిచి, కొనడం ఆ వైపు నుంచి మొదలుపెట్టండి.