వాకిట్లో ముగ్గు

ఈ రోజు పొద్దున్నే వాకిట్లో ఏడు చుక్కల ముగ్గు వేశాను. గీత ఎక్కడా వణకలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

రెండేళ్ల క్రితం ఇదే చోట పిండి వేళ్లలోంచి చెదిరిపోయేది. కూర్చుని ఉన్నా గుండె దడ. కడుపునిండా తింటున్నా ఎనిమిది కిలోలు తగ్గాను. "బెజవాడ ఎండలకి ఎవరికైనా ఇంతేలేవే" అనేది అమ్మ. మొదట చూపించుకున్న చోట టెన్షన్ అని చెప్పి నిద్రమాత్రలు రాశారు. నాలుగు నెలలు అలాగే పోయాయి. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

తర్వాత సూర్యారావుపేటలో ఒక ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) మేడమ్ నన్ను చేతులు చాపమని, వేళ్ల మీద తెల్లకాగితం పెట్టారు. అది రావాకులా ఊగింది. ఆవిడ ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకున్నారు. రక్తపరీక్షలో, థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్ దాదాపు సున్నా, థైరాయిడ్ తయారుచేసే హార్మోన్లు టీ3, టీ4 బాగా ఎక్కువ. గ్రేవ్స్ వ్యాధి. మన రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్‌ని ఉసిగొల్పి అతిగా పనిచేయిస్తుందట.

థైరాయిడ్ జోరు తగ్గించడానికి కార్బిమజోల్, దడకి ప్రొప్రనొలాల్ ఇచ్చారు. 12 నుంచి 18 నెలలు పడుతుందన్నారు. ఒక్క మాట మాత్రం రెండుసార్లు చెప్పారు: "జ్వరం, గొంతునొప్పి వస్తే కార్బిమజోల్ ఆపేసి, వెంటనే రక్తపరీక్ష చేయించుకోమ్మా. తెల్లకణాలు పడిపోవచ్చు." అరుదే కానీ ప్రాణం మీదికి వస్తుంది. ఈ మాత్ర వాడేవాళ్లు మీ ఇంట్లో ఉంటే దయచేసి ఇది చెప్పండి.

థైరాయిడ్‌ని ఉసిగొల్పే యాంటీబాడీలు నార్మల్‌కి వచ్చాక మాత్ర ఆపారు. తిరగబెడితే రేడియో అయోడిన్ (థైరాయిడ్ కణాలను తగ్గించే రేడియోధార్మిక మందు), ఆపరేషన్ ఉన్నాయి. సోమవారం మళ్లీ రక్తం ఇవ్వాలి. అమ్మ తోడొస్తానంది.