కొండెక్కి, డచ్చి సమాధులు దాటి, భీమిలి ఒడ్డుకి: నా అనుభవం

విశాఖ వాళ్లకి భీమిలి అంటే బీచ్ రోడ్డు. కారులో వెళ్లడం, ఒడ్డున నాలుగు ఫొటోలు, చీకటి పడేలోగా ఇల్లు. మా అక్క కొడుకు మాత్రం "పిన్నీ, సముద్రం చివర్లో చూద్దాం. ముందు పావురాళ్లకొండ ఎక్కుదాం" అని పట్టుబట్టాడు. వాడికి ఇరవై ఏళ్లు, నాకు యాభై దాటాయి. నా మోకాళ్లని అడిగితే వద్దనే అంటాయి కాబట్టి అడగలేదు.

డిసెంబరు కాబట్టి ఎండ భయం లేదు. అయినా తెల్లారేసరికి 900కె బస్సులో ఉన్నాం. పైన ఏమీ దొరకవనుకునే బయల్దేరాం: మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఇడ్లీ పొట్లం, పల్లీ చిక్కీ. చెప్పులు వద్దు, పట్టు ఉన్న బూట్లే వేసుకోవాలి. ఎక్కేటప్పుడు కాదు గానీ, దిగేటప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

నరసింహస్వామి గుడి దాకా మెట్లే. స్వామికి దణ్ణం పెట్టుకుని, ఆయాసం తీర్చుకుని, ఇక కాలిబాట పట్టాం. తుప్పల్లో బాట రెండుగా చీలిన చోట మేకలు తోలుకెళ్తున్న పెద్దాయన ఆపాడు. "అటేటి ఎల్తన్నారమ్మా? ఆ డొంకంతా ముళ్లే. ఇలా రాండి" అని తనే కొంతదూరం ముందు నడిచాడు. ఫోన్లో మ్యాపు చూపిస్తున్న మావాడు నోరు మూసుకుని ఆయన వెనకాలే నడిచాడు.

కొండ మీద ఉన్నది బౌద్ధారామం. క్రీస్తు పూర్వపు రోజుల్లోనే భిక్షువులు ఇక్కడ కాపురమున్నారు. ఇప్పుడు మిగిలినవి ఇటుక దిబ్బలు, పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు. తొట్లు 16 దాకా ఉన్నాయంటారు. నేను ఎక్కువసేపు గడిపింది వాటి దగ్గరే. ఒకదాని అంచున కూర్చుని లోపలి గోడ తడిమితే ఉలి గీతలు వేలికి తగిలాయి, ఏటవాలుగా, ఒకదాని పక్కన ఒకటి. అడుగున పచ్చటి నీళ్లు, వాటి మీద రావాకు, దాని పక్కనే చిప్స్ పాకెట్టు. వానాకాలమంతా భిక్షువులు తిరుగుళ్లు మానేసి ఒకచోటే ఉండాలన్నది నియమం. ఊటలేని కొండ మీద అంతమంది బతకాలంటే పడిన వాన చుక్కని పడినచోటే పట్టుకోవాలి. మన మేడల మీద సింటెక్స్ ట్యాంకులు పెట్టించిన ఏ ఇంజనీరూ ఇంత ఆలోచించి ఉండడు.

కాస్త ఇవతలికి వచ్చి సముద్రం వైపు చూస్తే గోస్తనీ నది కడలిలో కలిసే చోటు కనిపిస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి వచ్చి, తాటిపూడి దాటి ఇక్కడికి చేరే నది. భిక్షువులూ, తర్వాత డచ్చివాళ్లూ ఈ ఊరికే ఎందుకొచ్చారో పుస్తకాల్లో చదివినప్పటికన్నా అక్కడ నిలబడ్డాకే నాకు బుర్రకెక్కింది. నది నోరు, దాని పక్కన కొండ. పడవలకి ఆసరా, పైనుంచి కాపలా. 17వ శతాబ్దంలో నేత బట్టల కోసం డచ్చివాళ్లు వచ్చి కూర్చున్నారు, 1825లో ఇంగ్లీషువాళ్లకి అప్పజెప్పి పోయారు. 1861 నాటికే మునిసిపాలిటీ అయిన ఊరిది. 1933లో విశాఖ పోర్టు తెరిచాక మాత్రం సరుకంతా అటే పోయింది. ముందు బీచ్‌కి వెళ్లి తర్వాత కొండెక్కితే ఈ వరస తిరగబడుతుంది, అందుకే మావాడి మాట రైటే.

దిగుడు గురించి ఎక్కువ చెప్పను. పక్కకి తిరిగి, ఒక్కో అడుగూ చూసుకుని దిగితే మోకాలు బతుకుతుంది.

డచ్చి సమాధుల దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. స్తంభాల్లా, కొసదేరి పైకి లేచిన కట్టడాలు, వాటి మధ్య నేలబారు రాతి పలకలు. ఒక పలక మీద మట్టి తుడిచాడు మావాడు. 17తో మొదలయ్యే ఏడాది ఒకటి తేలింది, మిగతా అంకెలు అరిగిపోయాయి. "వీళ్ల అమ్మానాన్నలకి కబురు చేరడానికి ఎన్ని నెలలు పట్టి ఉంటుంది పిన్నీ?" అన్నాడు. ఓడల కాలం కదా, నెలలే పట్టి ఉంటుంది. నాకు పేర్లూ తేదీలూ కాదు, వాడి ప్రశ్నే గుర్తుండిపోయింది.

గడియార స్తంభం, చర్చి దారిలోనే. ఆగి చూసి నడిచాం. ఒడ్డుకి చేరాక బూట్లు విప్పేసి, కాల్చిన తేగలు, మురీ మిక్సర్ తిన్నాం. పక్కన వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు నది కలిసే చోట దిగొద్దని మరీ మరీ చెప్పారు. అక్కడ లాగుడు ఎక్కువట. పాదాలు తడుపుకోవడంతో సరిపెట్టుకున్నాం.

సముద్రం చూస్తూ ప్రయాణం చెయ్యాలంటే పొద్దున బస్సులో కుడివైపు సీటు పట్టుకోండి. సాయంత్రం ఎటు కూర్చున్నా ఒకటే. మేమిద్దరం విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ వచ్చేదాకా నిద్రలోనే ఉన్నాం.