పాలమూరులో పాత ఇంటి పని: మేస్త్రితో గొడవ రాకుండా ఎట్లా సాగిందంటే

మహబూబ్‌నగర్‌లో మా అత్తమ్మ ఉండే పాత ఇంట్లో కింద వంటగది, దాని మీద మేడ బాత్రూం రెండూ కొత్తగా చేయించాం. మేస్త్రికి లేబర్ కాంట్రాక్ట్ ఇచ్చాం, సామాను మేమే తెచ్చాం. పాత గోడ పగలగొడితే లోపల ఏముంటుందో ఎవరికీ తెలియదు. అలాంటి పనికి సామానుతో కలిపి గుత్త మాట్లాడితే, ఆ భయం కూడా రేటులో కలిపే చెప్తారు.

రేటు కంటే ముందు వేరే సంగతులు తేల్చుకున్నాం. పగలగొట్టిన మట్టి ఎత్తిపోసే ట్రాక్టర్ కిరాయి ఎవరిది? గిలాబు (గోడల ప్లాస్టరింగ్) కొలిచేటప్పుడు దర్వాజలు, కిటికీలు తీసేస్తారా, కలిపే కొలుస్తారా? ప్లంబర్ ఆయన మనిషేనా? పోసిన కాంక్రీటు, సిమెంటు పని ఆరకుండా నీళ్లు పట్టే బాధ్యత ఎవరిది? ఇళ్ల పనుల్లో మాటా మాటా పెరిగేది ఎక్కువగా ఇక్కడే. అన్నీ ఒక నోటుబుక్కులో రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం.

పైసల దగ్గర మాత్రం చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది. ఒక్కో దశ పూర్తయ్యాకే డబ్బు ఇద్దామన్నది మా ఆలోచన. మేస్త్రి నెమ్మదిగా చెప్పాడు: "అక్కా, నాది ఆగినా ఏం కాదు. శనివారం కూలోళ్లకు ఇయ్యకుంటే సోమవారం అడ్డా మీద ఇంకోని ఎంబడి పోతరు." దేశంలో ఎన్నో ప్రాజెక్టుల మీద పనిచేసిన పాలమూరు కూలీల ఊరిది. వాళ్ల వారం కూలి ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. అందుకే రెండు లెక్కలు పెట్టుకున్నాం. కూలీల డబ్బు హాజరు చూసి ప్రతి శనివారం ఇచ్చి, దశ మొత్తంలో కోసుకునేవాళ్లం. మేస్త్రి మిగులు దశ అయ్యాకే. చివరి పదో వంతు, నల్లాలన్నీ తిప్పి చూసుకున్నాక. నా దృష్టిలో పని సాఫీగా సాగడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

వంటగది గోడ కొడుతుంటే తుప్పు పట్టిన పాత ఇనుప పైపు బయటపడింది. ఆయన దాన్ని ముట్టకుండా నన్ను పిలిచి చూపించాడు. మార్చడానికి ఎంతవుతుందో అక్కడే మాట్లాడుకుని ఎక్స్‌ట్రా పేజీలో రాశాం, ఆ తర్వాతే పైపు మీద చెయ్యి వేశాడు. ఇంట్లో ఎవరికి ఏ మార్పు కావాలన్నా నాకే చెప్పాలి, మేస్త్రికి చెప్పేది నేనొక్కదాన్నే. వంట గట్టు ఎత్తు విషయంలో మాత్రం అత్తమ్మదే మాట. మేస్త్రి ఇటుకలు పేర్చి, మీద పలక వేసి, ఆమె చేతికి చపాతీ పీట ఇచ్చాడు. ఒక వరుస తీయించి, మళ్లీ సగం ఇటుక పెట్టించి, ఆమె భుజాలు పైకి లేవకుండా కర్ర తిరిగిన చోట గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాడు. ఇంత ఓపిక ఉన్న మనిషి దొరకడం మా అదృష్టం.

గట్టు కాంక్రీటు పోశాక నీళ్లు పట్టడం మా పని. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ (బూడిద లాంటివి కలిపిన సిమెంటు) లాంటి వాటికి కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. మేం గోనె సంచులు కప్పి తడుపుతూ ఉన్నాం. ఆ రోజుల్లో మేస్త్రి మనుషులను వేరే ఇంటికి తీసుకుపోతానని ముందే చెప్పాడు, మేమూ సరే అన్నాం. వాళ్లకు రెండు మూడు చోట్ల పనులు నడుస్తుంటాయి. ఎప్పుడు రారో ముందే తెలిస్తే ఫోన్ల మీద ఫోన్లు చేసే అవసరం రాదు.

బాత్రూంలో టైల్స్ వేయకముందే, వాటర్‌ప్రూఫింగ్ ఆరాక, నీళ్లు పోయే జాలీ మూసి నీళ్లు నింపి గోడ మీద మట్టం గుర్తు పెట్టాం. 24 గంటలు దాటాక గుర్తూ చూశాం, కింద వంటగది కప్పూ తడిమి చూశాం. ఎక్కడా చెమ్మ లేదు. ఆ దశ డబ్బు అప్పుడే ఇచ్చేశాం. గోడల్లో పైపులు, వైర్లు పోయిన దారిని టేపు ఆనించి ఫోటోలు తీసి పెట్టుకున్నాం. రేపు ఎక్కడ మేకు కొట్టాలన్నా అవే చూస్తాం.

ఆఖరి లెక్క నోటుబుక్కు ముందు పెట్టుకుని టీ తాగేలోపే తేలిపోయింది. వెళ్లేముందు మిగిలిన టైల్స్ పారేయొద్దని, అదే బ్యాచ్ రంగు తర్వాత దొరకడం కష్టమని చెప్పి, ఆ పెట్టెను ఆయనే మెట్ల కింద పెట్టించాడు.