నూర్ గిన్నె అడుగున గీసిన మాటలు

యుద్ధకాలంలో చెరలో మగ్గిన ఆడవాళ్ల మీద చారిత్రక నవల ఏది దొరికినా వదలను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాసే ఉద్యోగం నాది. సీజన్‌లో ఇంటికొచ్చేసరికి ఏ రాత్రో అవుతుంది. అయినా నాలుగు పేజీలు చదవందే నిద్ర రాదు.

ఈమధ్య చదివింది నూర్ ఇనాయత్ ఖాన్ గురించి. చిన్నపిల్లలకు జాతక కథలు రాసిన మనిషి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ గూఢచారిగా, 1943 జూన్‌లో వైర్‌లెస్ ఆపరేటర్ పని మీద జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లో దిగింది. తోటివాళ్లు వరసగా పట్టుబడుతున్నా, వెనక్కి వచ్చేయమని లండన్ చెప్పినా రానంది. అక్టోబరులో దొరికిపోయింది.

చాలా నవలలు ఈ భాగం దగ్గరే ఆగిపోతాయి. నాకు కావలసింది ఆ తర్వాతి నెలలు. జర్మనీలోని ఫోర్ట్స్‌హైమ్ జైల్లో కాళ్లకూ చేతులకూ గొలుసులేసి ఒంటరి గదిలో పెట్టినారు. తిండి గిన్నె అడుగున ఆమె గీసిన మాటలు చూసే, అలాంటి మనిషి ఒకతె అక్కడ ఉందని పక్క గదుల్లోని ఫ్రెంచి ఖైదీలు తెలుసుకున్నారు. ఏ గిన్నె ఏ గదికి పోతుందో ఏ నమ్మకంతో గీసిందో ఆ తల్లి!

మా అవ్వకు ఈ కథ చెప్తే అడిగిన మొదటి మాట, "చేతులకు సంకెళ్లేసుంటే తలెట్ల దువ్వుకునింది పాప?" నవలలో ఆ ఊసే లేదు. కాగితాల్లో లేని ఆ దినాలను ఊహించి రాయడానికే కదా నవల! దాన్ని వదిలేసి జైలు గదిలోకి ప్రేమకథను తెచ్చి పెడితే నాకు ఒళ్లు మండుతుంది. 1944 సెప్టెంబరు 13న డాకౌ నాజీ నిర్బంధ శిబిరంలో ఆమెనూ, ఇంకో ముగ్గురు ఆడవాళ్లనూ కాల్చి చంపినారు. దానికి ఏ అలంకారమూ అక్కర్లేదు.

ఆడవాళ్లను ఉంచిన నాజీ శిబిరం రావెన్స్‌బ్రూక్ సంగతీ అంతే. కాళ్లు కోసి ప్రయోగాలు చేస్తుంటే, పోలెండు ఆడపిల్లలు ఇంటికి రాసే జాబుల్లో మూత్రంతో కనపడకుండా రాసి ఆ ఘోరాన్ని బయటికి చేర్చినారు. ఇస్త్రీ పెట్టె వేడికి అక్షరాలు పైకి తేలేవంట. ఇట్లాంటి ఒక్క జాబు చుట్టూ నవలంతా రాయొచ్చు.

నూర్‌ది నాన్న వైపు నుంచి టిప్పు సుల్తాన్ వంశం. టిప్పు నాన్న హైదర్ అలీ 1782లో ప్రాణం వదిలింది మన చిత్తూరు దగ్గరి శిబిరంలోనే. 1799లో శ్రీరంగపట్నం పడిపోయినాక టిప్పు ఇంటి ఆడవాళ్లను వేలూరు కోటలో ఉంచినారు. మనం ఆసుపత్రి పని మీద ఎన్నిసార్లు వేలూరు పోయుంటాం! ఆ కోటలో చెరలో బతికిన ఆడవాళ్ల మీద తెలుగు నవల నాకింకా దొరకలేదు.

మీలో ఎవరికైనా తెలిస్తే పేరు చెప్పండి. వాళ్లకు బియ్యం ఎవరు కొలిచి ఇచ్చినారో, ఎవరి పిల్లలకు ఎవరు పాలిచ్చినారో, 1806 జూలైలో టిప్పు కూతురి పెళ్లి సందడి అణగకముందే కోటలో తిరగబడిన సిపాయిల తుపాకులు పేలితే చంటిబిడ్డల్ని ఎత్తుకుని యాడికి పరిగెత్తినారో, అవన్నీ ఉండే నవల కావాల. మా అవ్వ కూడా వింటానంటోంది.